సెల్ఫ్ కొట్టకండి



ఐదు నెలలుగా నేను సోమవారాలు ఊళ్ళో ఉండడం లేదని మీలో చాలామంది గమనించారు. కొందరు నన్నే అడిగారు, కొందరు మా ఇంటావిడను అడిగారు, ఇంకొందరు ఎవరినీ అడగకుండా ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. "అయ్యగారు పట్నంలో పాత కారు బాగు చేయించుకుంటున్నారట" అన్న మాట నా చెవిన కూడా పడింది. నిజమే. కాకపోతే చేయించుకోవడం లేదు, చేస్తున్నాను. చేతి గోళ్ళలో నలుపు ఆదివారానికి కూడా పోవడం లేదు, రొట్టె విరిచేటప్పుడు మీరు చూసే ఉంటారు. సంఘం డబ్బు అందులో ఒక్క రూపాయి లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది మీరు ప్రశాంతంగా చదువుతారు.

కారు మా మేనమామది. అమీర్‌పేటలో ఆయన ఇల్లు, వెనకాల రేకుల షెడ్డు, ఆ షెడ్డులో అంబాసిడర్. మార్క్ టూ, 1970 మోడల్. మామయ్య దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నన్ను సెమినరీలో చేర్పించడానికి పెట్టె, పరుపుచుట్ట డిక్కీలో వేసి తీసుకెళ్ళింది ఆ కారులోనే. 2009లో ఆయన కంటిచూపు తగ్గాక షెడ్డులో పెట్టాడు. ఆ తర్వాత అది బయటికి రాలేదు. మామయ్య పోయి మూడేళ్ళు. ఇప్పుడు ఇల్లు బిల్డరుకు ఇస్తున్నారు, సంక్రాంతిలోగా ఖాళీ చేయాలి. అమెరికాలో ఉన్న మా బావ ఫోనులో ఒకటే మాట, తుక్కు కింద ఇచ్చేయమని. తుక్కు కొనే మనిషి వచ్చి చుట్టూ తిరిగి చూసి, కాటా మీద ఎంత తూగుతుందో దాని లెక్కన ధర చెప్పాడు. అత్తమ్మ ఏమీ అనలేదు. నాకు ఫోన్ చేసి, "బిడ్డా, తీస్కపోయే ముందు ఒక్కసారి దాని సప్పుడు ఇనాలని ఉన్నది" అంది.

అదీ మొదలు.

ఈ కారు గురించి కొంచెం చెప్పాలి. మనకిది మంత్రుల కారు, కలెక్టరు గారి కారు, పెళ్ళిళ్ళకు బాడుగకు తెచ్చే కారు. పుట్టుక మాత్రం ఇంగ్లండ్‌ది. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ త్రీ అనే కారునే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పేరుతో తయారు చేశారు. 1950ల చివర మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. మా మామయ్య కారులో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజిను, నాలుగు సిలిండర్లు. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. ఇదే 1489 సీసీ ఇంజిను ఇంగ్లండ్‌లో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకూ వేశారంటే మా బావ నమ్మలేదు. మన అంబాసిడర్ ఒంట్లో ఒక కుర్రకారు గుండె ఉందన్నమాట.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. ఈ వ్యాసం రాస్తున్నదే దాని కోసం.

మొదటి సోమవారం కొత్త బ్యాటరీ కొని తీసుకెళ్ళాను. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద కనిపించింది, చాలనుకున్నాను. కార్బ్యురేటర్‌లో కొంచెం పెట్రోలు పోశాను. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె ముఖం చూస్తే నాకు ఆగబుద్ధి కాలేదు. సెల్ఫ్ కొట్టాను. ఇంజిను సగం చుట్టు తిరిగి, లోపల ఏదో "కటక్" మంది, ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను. ఈసారి లైట్లు మసకబారాయి తప్ప ఇంజిను కదలలేదు. అత్తమ్మ లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

ఆ సాయంత్రం పంజాగుట్ట వెనక సందులో పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే వెళ్ళి కలిశాను. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ సందులో అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు, నేనూ అదే అంటాను. జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. "పదిహేనేండ్ల సంది పండుకున్నోని మీద బకెట్ నీళ్ళు గుమ్మరించి లేపుతరా పాస్టర్ సాబ్?" అన్నాడు. అంతే. తర్వాతి సోమవారం ఆయనే షెడ్డుకు వచ్చాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నది మీకూ పనికొస్తుంది. మనలో ట్రాక్టరు షెడ్డులో పెట్టి ఏడాదైనా తీయనివాళ్ళు ఉన్నారు, పవర్ టిల్లర్లు ఉన్నవాళ్ళు ఉన్నారు, కొడుకు గల్ఫ్‌కు పోయాక గోనెపట్టా కప్పి పెట్టిన మోటార్ సైకిళ్ళు అయితే లెక్కలేదు.

ఇంజిను నడుస్తున్నంత కాలం సిలిండరు గోడలకు పల్చటి నూనె పొర అంటుకుని ఉంటుంది. ఆపేస్తే ఆ నూనె నెమ్మదిగా కిందికి జారిపోతుంది. నాలుగు సిలిండర్లలో ఏదో ఒకదాని వాల్వు తెరిచిన స్థితిలోనే ఇంజిను ఆగుతుంది కదా, ఆ దారిన వానాకాలపు తేమ లోపలికి చేరుతుంది. పిస్టన్ రింగులూ ఇనుమే, గోడలూ ఇనుమే. రెండూ కలిసి తుప్పు పట్టి అతుక్కుంటాయి. బేరింగుల్లోనూ నూనె ఉండదు. వాల్వు కాడలు వాటి గైడుల్లో బిగుసుకుంటాయి. కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురుగా గడ్డకడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాల్లోని తేమను లాక్కుంటుంది, పాతకాలపు రబ్బరు పైపులకు కూడా పడదు. అందుకే బండి నెలలకొద్దీ ఆపాలనుకుంటే ట్యాంకు, కార్బ్యురేటరు ఖాళీ చేసి పెట్టండి.

ఇంతవరకు జరిగిన నష్టం చాలావరకు సరిచేయగలిగేదే. పైపైన తుప్పు, జిగురు, ఎండిన రబ్బరు. వీటికి ఓపిక చాలు, పెద్ద ఖర్చు లేదు. ఈ స్థితిలో సెల్ఫ్ కొడితే మోటారు తన బలమంతా పెట్టి, అతుక్కున్న రింగును గోడ మీద నుంచి పీకేస్తుంది. నా విషయంలో అదే జరిగింది. హెడ్డు తీశాక ఉస్తాద్ టార్చి వేసి చూపించాడు. మూడో సిలిండరులో పిస్టను ఆగిన చోట ఉంగరంలా తుప్పు చార, అక్కడి నుంచి గోడ మీద నిలువునా కొత్త గీత. గీత తళతళలాడుతోంది. పదిహేనేళ్ళ నాటిది కాదు, కొన్ని వారాల నాటిది. రింగు విరిగింది. రెండో సిలిండరులో ఎగ్జాస్ట్ వాల్వు బిగుసుకుని ఉంటే కింది నుంచి తోసిన పుష్ రాడ్ వంకర తిరిగింది. శుభ్రం చేసి, రింగులు మార్చి, వాల్వులు నూరితే సరిపోయే ఇంజినును నేను రెండు సెకన్లలో బోరింగ్ దాకా తీసుకెళ్ళాను. తుప్పు పదిహేనేళ్ళలో చేయలేనిది నా తొందర రెండు సెకన్లలో చేసింది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చాలాకాలం ఆగిన ఇంజినును విప్పి చూడకుండా స్టార్ట్ చేయబోవడం ప్రేమ అనిపించుకోదు. ఎంత ప్రేమతో చేసినా సరే. నేను అత్తమ్మ మీద ప్రేమతోనే చేశాను.

మా నాన్నకు ఈ సంగతి తెలుసు, ఆయన చదువుకోకపోయినా. మా బావి దగ్గర ఆయిల్ ఇంజను ఉండేది. కరెంటు మోటారు వచ్చాక దాన్ని వాడడం మానేశాం. అయినా వానాకాలం వెళ్ళాక ఆయన దాని దగ్గరికి వెళ్ళి, పైన లీవరు ఎత్తి పట్టుకుని, హ్యాండిల్‌తో నాలుగు చుట్లు ఊరికే తిప్పి వచ్చేవాడు. స్టార్ట్ చేసేవాడు కాదు. చిన్నప్పుడు నాకది పనీపాటా లేని పనిలా కనిపించేది. లీవరు ఎత్తితే లోపల ఒత్తిడి ఉండదు, తిప్పితే నూనె గోడలకు అంటుతుంది, రింగులు ఒకే చోట అతుక్కోవు. ఇప్పుడు అర్థమవుతోంది.

సరే, అంబాసిడరు దగ్గరికి వస్తాను. ఉస్తాద్ ముందు స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోశాడు. "ఇగ పో. వచ్చే సోమవారం రా" అన్నాడు. వారం తర్వాత మళ్ళీ పోశాడు. మూడో వారం, ఆయన దగ్గరున్న పాత స్టార్టింగ్ హ్యాండిల్ ముందు బంపరు రంధ్రంలోంచి దూర్చి, ఒక చేత్తో ఇటు కొంచెం, అటు కొంచెం. బలం పెట్టలేదు. తలుపు గడియ ఊపినట్టు ఊపాడు. ఒక వేలెడు కదిలింది. ఆ రోజుకి అంతే. ఆ వేలెడు కదలిక కోసం నేను మెదక్ వైపు నుంచి బస్సెక్కి, బాలానగర్‌లో దిగి, మెట్రో పట్టుకుని వచ్చాను. మీలో కొందరు "ఇవాళ ఏం జరిగింది అయ్యగారూ" అని అడిగితే "వేలెడు కదిలింది" అన్నాను గుర్తుందా? మీరు నవ్వారు.

పూర్తిగా తిరిగాక హెడ్డు తీశాం, తర్వాత చైన్ పుల్లీతో ఇంజిను పైకి లేపి, ట్రాలీ ఆటోలో పంజాగుట్ట షెడ్డుకు చేర్చాం. అక్కడ నాకు సహాయం ఒక పిల్లవాడు. మన సంఘం పిల్లవాడే, పేరు చెప్పనులెండి. డిగ్రీ అయ్యాక అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సులు చేస్తున్నాడు. అక్కడ గోడ కనపడకుండా కోచింగ్ బోర్డులే, వాటి కింద మన ఊళ్ళ పిల్లలే. రెండేళ్ళయింది, ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూకి పోతే మొదటి ప్రశ్నే, ఈ రెండేళ్ళ గ్యాప్ ఏమిటని. ఇంటికి ఫోన్ చేస్తే "ఇంకోదానికి పోరా, వస్తుంది" అంటారు. నేనూ వాడికి ఫోనులో అదే చెప్పేవాణ్ణని ఒప్పుకుంటున్నాను. సోమవారాలు రమ్మంటే వచ్చాడు. మొదటి రోజు ఏమీ మాట్లాడలేదు. ఉస్తాద్ వాడికి వాల్వులు, గ్రైండింగ్ పేస్టు, కర్ర ఇచ్చి కూర్చోబెట్టాడు. వాల్వును దాని సీటులో పెట్టి కర్రతో అటూ ఇటూ తిప్పి నూరాలి, చుట్టూ సమంగా బూడిదరంగు చార వచ్చేదాకా. ఎనిమిది వాల్వులు. ఐదింటికి చూస్తే వాడు ఆరు పూర్తి చేశాడు, చార సన్నగా, ఎక్కడా తెగకుండా ఉంది. ఉస్తాద్ కళ్ళజోడు పైకి జరిపి చూసి "హా" అన్నాడు. ఆయన నన్ను ఐదు నెలల్లో ఒక్కసారి కూడా "హా" అనలేదు.

నాకు పడినవి తిట్లే. కనెక్టింగ్ రాడ్ల బేరింగ్ క్యాపులు విప్పి నాలుగూ ఒకే డబ్బాలో వేశాను. ఒకదాని క్యాపు ఇంకోదానికి బిగించకూడదు, దేనిది దానికే సరిగ్గా కూర్చుంటుంది. ఉస్తాద్ చూసి తల పట్టుకున్నాడు. తర్వాత కిరోసిన్‌తో కడిగితే ప్రతి రాడ్డు మీద, దాని క్యాపు మీద పంచుతో కొట్టిన చుక్కలు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎప్పుడో ఈ ఇంజిను విప్పిన మేస్త్రీ ఎవరో, తన తర్వాత విప్పేవాడి కోసం కొట్టి పెట్టాడు. ఎవరో తెలియదు. ఆయనకు నా వందనాలు.

బ్లాకులోని నీటి దారుల్లోంచి ఎర్రటి బురద దోసిళ్ళకొద్దీ వచ్చింది. మామయ్య రేడియేటరులో కూలెంట్ ఎన్నడూ పోయలేదు, నల్లా నీళ్ళే. మా మంజీర నీళ్ళే అనుకుని నవ్వుకున్నాను, ఊరి వాసన రాలేదు గానీ. బ్లాకు రాణిగంజ్‌లో బోరింగ్‌కు ఇచ్చాం. ఇరవై థౌ సైజుకు కోశారు, అంటే సుమారు అర మిల్లీమీటరు. ఆ కొలతకు కొత్త పిస్టన్లు, రింగులు. వాటిని సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కబోతే స్కానింగ్ మిషను దగ్గర అమ్మాయి ఆపింది. సంచి తెరిచి, నాలుగు పిస్టన్ల మధ్య ఉన్న బైబిలు చూసి, నన్ను చూసి, పొమ్మంది. ఖర్చు ఎంతయిందంటే, నా రెండు నెలల గౌరవ వేతనం. అందులో సగానికి పైగా ఆ రెండు సెకన్ల ఖరీదే.

మధ్యలో సలహాలు కూడా చాలా వచ్చాయి. ఎక్కువమంది చెప్పింది, ఈ ఇంజిను తీసి పారేసి డీజిల్ ఇంజిను దించమని. మైలేజీ వస్తుంది, నిజమే. అయితే ఆ మాట చెప్పేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2021 జులైలో కేంద్రం పాత బండ్ల కోసం నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, చాసిస్‌లో, బాడీలో, ఇంజినులో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషనుకైతే ఫీజు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ అలా చేయిస్తే రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు, ప్రదర్శనలు, రిపేర్లు లాంటి వాటికి మాత్రమే. అందుకే నాకది వద్దు. మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించి, దీన్ని మన రోడ్ల మీద నడపాలని నా ఆశ. అయినా ఇంజిను మార్చను. అత్తమ్మ వినాలనుకున్నది దీని చప్పుడు, ఇంకోదాని చప్పుడు కాదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది, మీలో పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. అది చాలా తక్కువ తిరిగిన కారు. అద్దంలా తుడిచి పెట్టారు, బాగుంది. నాకు మాత్రం దాని ముందు నిలబడితే ఆయిల్ వాసన రాకపోవడమే గుర్తుంటుంది. ఎవరి ఇష్టం వారిది.

అమీర్‌పేట కూడా మారిపోతోంది. సత్యం థియేటరు పోయింది, ఆ స్థలంలో ఇప్పుడు ఏఏఏ సినిమాస్. మామయ్య ఇల్లూ పోతుంది. దాన్ని నేను ఆపలేను, ఆపాలని కూడా లేదు, అత్తమ్మకు మెట్లు ఎక్కడం కష్టంగా ఉంది. కానీ ఉస్తాద్ లాంటివాళ్ళు పోకముందే వాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఆయన కొడుకులు ఈ పనిలో లేరు. హ్యాండిల్ ఎంత నెమ్మదిగా ఊపాలో ఏ పుస్తకంలో చదివితే వస్తుంది? ఆయన మణికట్టు చూడాలి.

ఇంజిను తిరిగి కారులో కూర్చోబెట్టాక కూడా ఆయన వెంటనే స్టార్ట్ చేయనివ్వలేదు. ప్లగ్గులు బిగించకుండా, పైన రాకర్ మూత తీసి పెట్టి, సెల్ఫ్‌తో కొద్దికొద్దిగా తిప్పించాడు. నూనె కింది నుంచి ఎక్కి రాకర్ షాఫ్ట్ దాకా రావాలి, అది కంటితో చూడాలి. చాలాసేపు పొడిగానే ఉంది. పిల్లవాడు తల వంచి చూస్తూ "వచ్చింది అంకుల్" అన్నాడు. నాలుగైదు చుక్కలు, తర్వాత ధార. అప్పుడే ప్లగ్గులు బిగించాం. మంట అంటుకునే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. పిల్లవాడు దాన్ని అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

అత్తమ్మకు కుర్చీ వేశాం. మూడోసారికి అందుకుంది. సిలిండర్లలో పోసిన నూనెంతా నీలిపొగై షెడ్డు నిండిపోయింది, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. పదకొండు నిమిషాలు నడిచింది. కింద రేడియేటరు పైపు కారడం మొదలైతే ఉస్తాద్ ఆపేయమన్నాడు. వేడి చల్లారాక హెడ్డు నట్లు మళ్ళీ బిగించాలి, ట్యాపెట్లు మళ్ళీ చూడాలి.

అత్తమ్మ ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆమె పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మీ మామ ఉంటే, గింత పొగ ఏంది రా, సరిగ జెయ్యి అని ఒర్రెటోడు" అంది. తర్వాత ఉస్తాద్‌ను, పిల్లవాణ్ణి భోజనానికి కూర్చోబెట్టింది.

ఇంకా చాలా పని ఉంది. బ్రేకులు నాలుగూ బిగుసుకున్నాయి, టైర్లు రాయిలా ఉన్నాయి, ఆర్టీఏ కాగితాలు మొదలే పెట్టలేదు. సంక్రాంతిలోగా మన పార్సనేజీ దాకా ఎలాగైనా తేవాలి, నడవకపోతే లారీ మీదైనా. ఈ బుధవారం పిల్లవాడికి ఒక ఇంటర్వ్యూ ఉంది, ప్రార్థించండి. వాడిని ఆ గ్యాప్ గురించి మాత్రం అడగకండి.

మీలో ఎవరి ఇంట్లోనైనా పాత అంబాసిడర్ స్టార్టింగ్ హ్యాండిల్ మూలన పడి ఉంటే నాకు చెప్పండి. మేం వాడుతున్నది ఉస్తాద్‌ది, తిరిగి ఇచ్చేయాలి.